జ్వరం – తెల్లకణాలు పంపే వర్తమానం

ఈ వ్యాసాన్ని నా సొంత పొరపాటుతో ప్రారంభించక తప్పదు. పన్నెండేళ్ళ క్రితం మాఘమాసంలో మా తల్లిగారు రెండు రోజులు మంచం దిగలేదు. అప్పటికి ఆమెకు 79 సంవత్సరాలు. అన్నం వద్దన్నారు. ప్రాణప్రదమైన కాఫీని కూడా సగం త్రాగి వదిలేశారు. సాయంత్రం నన్ను చూచి, ఏనాడో గతించిన మా మేనమామ పేరు పెట్టి పిలిచారు. నేను చంకలో థర్మామీటరు ఉంచి చూచాను. 98.6 డిగ్రీలు. అప్పటికే ముప్పయ్యేళ్ళుగా ఆయుర్వేద వైద్యం చేస్తున్నవాడిని గదా, ‘జ్వరం లేదు, వాతం వలన కలిగిన నీరసం’ అని నిశ్చయించి జావ పట్టించి పడుకోబెట్టాను.

మూడవనాటి ఉదయం మా కోడలు వచ్చి, “మామయ్యగారూ, మామ్మగారు ఆయాసపడుతున్నారు, ఒక్కసారి చూడండి” అన్నది. గడియారం చేతబట్టి లెక్కించాను. నిమిషానికి 32 శ్వాసలు. ఆసుపత్రిలో ఎక్స్‌రే తీసి, కుడి ఊపిరితిత్తి క్రిందిభాగమంతా న్యుమోనియా ఆక్రమించినదని చెప్పారు. ఇంత ఆలస్యం ఎందుకు చేశారని అక్కడి యువ వైద్యుడు అడిగితే, “జ్వరం లేదు గదా బాబూ” అన్నాను. ఆయన నొచ్చుకోకుండా ఒకే మాట చెప్పారు: “ఈ వయస్సులో జ్వరం రావలసినంత రాదండీ.”

ఆ రాత్రి ఆసుపత్రి వరండాలోని బల్లమీద కూర్చుని ఆ మాటనే తలపోశాను. ‘రావలసినంత’ రాదట! మన ఇళ్ళలో జ్వరమంటే తరిమివేయవలసిన దొంగ. అది రావలసినది, రాకపోతే లోపమని చెప్పదగినది ఎట్లా అవుతుంది? దానిని రప్పించేవారెవరు? ఆ ప్రశ్న పట్టుకుని ఈ పన్నెండేళ్ళలో నేను చదివి తెలుసుకొన్నదానిని ఇక్కడ వివరిస్తున్నాను.

శాస్త్రం అడిగిన ప్రశ్న

మన ప్రాచీనులు జ్వరానికిచ్చిన స్థానం చిన్నది కాదు. మాధవకరుడు తన నిదాన గ్రంథంలో రోగపరీక్షా విధానాన్ని చెప్పిన వెంటనే మొట్టమొదటి వ్యాధిగా జ్వరాన్నే ఎత్తుకొన్నాడు. చరకసంహిత చికిత్సాస్థానంలో మూడవ అధ్యాయం పూర్తిగా జ్వరానికే కేటాయింపబడినది. దక్షయజ్ఞ సందర్భంలో రుద్రుని కోపం నుండి జ్వరం పుట్టినదన్న పురాణగాథ మీరు వినే ఉంటారు. ఆ గాథకన్న నన్ను ఎక్కువగా ఆకర్షించేది శాస్త్రం చెప్పిన సంప్రాప్తి, అనగా వ్యాధి పుట్టే క్రమం. ఆమాశయంలోని దోషాలు ఆమంతో కలసి, జఠరాగ్నిని దాని స్థానం నుండి వెలుపలికి నెట్టి, స్వేదవాహ స్రోతస్సులను అడ్డగించినపుడు దేహమంతా సంతాపం వ్యాపిస్తుందని చెప్పారు. అంటే ఆ వేడి బయటినుండి వచ్చి చేరినది కాదు, మన అగ్నియే స్థానం తప్పినది.

ప్రాచీనులకు నేటి కణశాస్త్రమంతా ముందే తెలుసునని వ్రాసే వ్యాసాలు మనకు కొదవలేదు. నాకా ధోరణి నచ్చదు. వారికి సూక్ష్మదర్శిని లేదు. తెల్లరక్తకణాల ఊసు వారు ఎత్తలేదు. కాని ‘ఈ వేడి ఎవరిది?’ అన్న ప్రశ్నను వారు సరిగా అడిగారు. పాశ్చాత్య వైద్యం ఆ ప్రశ్నకు ప్రయోగాలతో సమాధానం చెప్పడానికి ఇరవయ్యవ శతాబ్ది సగం గడిచినది.

వేడి సూక్ష్మజీవులది కాదు

1868లో జర్మనీకి చెందిన వుండర్‌లిష్ అనే వైద్యుడు వేలాది రోగుల ఉష్ణోగ్రతలను కొలిచి, జ్వరం స్వయంగా ఒక రోగం కాదని, రోగానికి లక్షణమని గ్రంథం వ్రాశాడు. 37 సెంటిగ్రేడు డిగ్రీలు, అనగా 98.6 ఫారన్‌హీటు, ఆరోగ్యవంతుని వేడి అన్న లెక్క ఆయన వలననే లోకంలో స్థిరపడినది. ఈ అంకెతో మనకు తర్వాత పని ఉన్నది, గుర్తుంచుకోండి.

ఆ తర్వాత చాలాకాలం వరకు సూక్ష్మజీవుల విషమే నేరుగా శరీరాన్ని కాలుస్తున్నదని భావించేవారు. 1948లో పాల్ బీసన్ అనే అమెరికా వైద్యుడు కుందేళ్ళ తెల్లకణాల నుండి ఒక సారాన్ని తీసి, ఆరోగ్యంగా ఉన్న కుందేళ్ళకు ఎక్కించి చూచాడు. సూక్ష్మజీవుల ప్రమేయం లేకుండానే వాటికి జ్వరం వచ్చినది. 1955లో అట్కిన్స్, వుడ్ అనే ఇద్దరు మరొక అడుగు ముందుకు వేశారు. కుందేలుకు టైఫాయిడ్ టీకా ఇచ్చి, దానికి జ్వరం వచ్చిన తర్వాత దాని రక్తపు సీరమును మరొక కుందేలుకు ఎక్కించారు. రెండవదానికి త్వరగా జ్వరం వచ్చినది. జ్వరాన్ని పుట్టించే వస్తువు శరీరంలోనే తయారై రక్తంలో తిరుగుతున్నదని దీనితో తేలినది. డినరెల్లో అనే శాస్త్రజ్ఞుడు 1977లో దానిని శుద్ధి చేయగలిగాడు. నేడు దానిని ఇంటర్‌ల్యూకిన్-1 అంటారు. గ్రాములో నూరుకోట్లవ భాగాన్ని నానోగ్రాము అంటారు గదా, కిలో బరువుకు కొద్ది నానోగ్రాముల చొప్పున ఇది చేరితే చాలు, మనిషికి జ్వరం వస్తుంది.

ఇది తయారయ్యే విధానం తెలుసుకొంటే జ్వరంలోని ప్రతి లక్షణమూ మనకు అర్థమవుతుంది. గొంతులోనో, ఊపిరితిత్తిలోనో, పుండులోనో సూక్ష్మజీవులు చేరినవనుకోండి. అక్కడ కాపలా తిరిగే పెద్ద భక్షక కణాలున్నాయి. వీటిని మాక్రోఫేజులంటారు. వీటి పైపొరమీద శత్రువును పోల్చే గ్రాహకాలుంటాయి. సూక్ష్మజీవి పైపొరలోని పదార్థం తగలగానే ఈ కణాలు రెండు పనులు చేస్తాయి. చిక్కిన శత్రువును మింగుతాయి. అదే సమయంలో ఇంటర్‌ల్యూకిన్-1, ఇంటర్‌ల్యూకిన్-6, టి.ఎన్.ఎఫ్. అనే పదార్థాలను చుట్టూ విడుదల చేస్తాయి. వీటినన్నింటినీ కలిపి సైటోకైన్లంటారు. ‘వర్తమానం మోసేవి’ అని మనం అనుకోవచ్చు. ఆ వర్తమానం చుట్టుప్రక్కల అందినపుడు రక్తనాళాలు వెడల్పయి, నీరు ఊరి, ఎరుపు, వాపు, మంట, నొప్పి కలుగుతాయి. మనవారు శోథ అన్నది దీనినే. శత్రువు బలవంతుడైనపుడు అదే వర్తమానం రక్తంలో కలసి దూరం పోతుంది. కాలేయానికి చేరి సి.ఆర్.పి. అనే పదార్థాన్ని తయారు చేయిస్తుంది. రక్తపరీక్ష కాగితం మీద మీరు చూచే సి.ఆర్.పి. అదే. మెదడును చేరినపుడు జ్వరమవుతుంది.

మెదడు అడుగున హైపోథలామస్ అనే చిన్న భాగమున్నది. శరీరపు వేడిని సరిచూచే అధికారి అదే. వర్తమానం అక్కడి రక్తనాళాల గోడల కణాలను తాకగానే అవి ప్రోస్టాగ్లాండిన్ ఇ2 అనే ద్రవ్యాన్ని తయారు చేస్తాయి. ఆ ద్రవ్యం ఉష్ణోగ్రతను నియమించే నాడీకణాలను చేరి, అక్కడి మీటను పైకి త్రిప్పుతుంది. మన స్నానాలగదిలోని గీజరుకు ఎంత వేడి కావాలో నిర్ణయించే మీట ఉంటుంది గదా, అటువంటిదే ఇది. మామూలుగా 98.6 దగ్గర ఉండే ఆ మీట ఇపుడు 102కు పోయినదనుకోండి. శరీరం ఇంకా 98.6 దగ్గరనే ఉన్నది. కనుక మెదడు దృష్టిలో శరీరం చల్లబడిపోయినది!

ఒక జ్వరపు రాత్రి

ఇక మన ఇంటి పిల్లవాని జ్వరాన్ని గంటగంటకూ గమనించండి. సాయంత్రం ఏడు గంటలకు వాడు ‘అమ్మా, చలి’ అంటాడు. నుదురు వెచ్చగా ఉన్నా చేతులు, పాదాలు మంచుముద్దలవలె ఉంటాయి. ఎందుకంటే వేడి బయటికి పోకుండా మెదడు చర్మపు రక్తనాళాలను బిగించివేసినది. కొంతసేపటికి వణుకు మొదలవుతుంది. కండరాలు ముడుచుకొని విప్పారుతూ వేడి పుట్టిస్తున్నాయి. దుప్పటి కావాలని అడిగిస్తున్నది కూడా ఆ మీటయే. తొమ్మిది గంటలకు వేడి 102కు చేరినది. ఇపుడు చలి లేదు, వణుకు లేదు, ముఖం కందిపోయి ఒళ్ళంతా సమానంగా కాలుతుంది. తెల్లవారుజామున మీట క్రిందికి దిగినది. అపుడు 102 అధికమని మెదడుకు తోచి, చర్మపు నాళాలను తెరిపించి, చెమట పట్టిస్తుంది. తల్లి తడిసిన చొక్కా మార్చుతూ ‘జ్వరం విడిచింది’ అంటుంది. శాస్త్రం స్వేదవాహ స్రోతస్సులు మూతబడినవని, తెరుచుకొన్నవని చెప్పిన రెండు దశలూ ఇవే.

దీనినిబట్టి ఇంట్లో చేయవలసినది తేలికగా తెలుస్తుంది. చలి పుట్టి వణకుతున్నపుడు పలుచని దుప్పటి కప్పవచ్చును. వేడి పూర్తిగా ఎక్కిన తర్వాత రెండు రగ్గులు కప్పి తలుపులు బిగించడం అపచారం. వణకే పిల్లవాని ఒంటిని మంచునీటితో తుడవడం మరొక అపచారం. మీట పైననే ఉన్నపుడు చర్మాన్ని చల్లబరిస్తే మెదడు వణుకును ఇంకా పెంచుతుంది, పిల్లవాడు అలసిపోతాడు. నుదుటిమీద తడిగుడ్డ వేయడం హాయికోసం, దానికి నాకేమీ అభ్యంతరం లేదు.

మలేరియాలో ఇదే నాటకం గడియారం పెట్టినట్లు నడుస్తుంది. ఆ పరాన్నజీవి దోమ కడుపులో పెరుగుతుందని రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న మన సికింద్రాబాదులోనే కనుగొన్నాడు. మనిషి రక్తంలో అది ఎర్రకణాల లోపల పెరిగి, ఆ కణాలను ఒకేసారి పగులగొట్టుకొని బయటపడుతుంది. అపుడు వెలువడే మలినాలను చూచి తెల్లకణాలు ఒక్కుమ్మడిగా వర్తమానం పంపుతాయి. దిన మార్చి దినం పళ్ళు టకటకలాడే చలిజ్వరం అందుకే.

ఇంత శ్రమ దేనికి?

వేడి ఒక సెంటిగ్రేడు డిగ్రీ పెరిగితే శరీరం ఖర్చుచేసే శక్తి నూటికి పదిపాళ్ళకు పైగా పెరుగుతుంది, గుండె వేగమూ హెచ్చుతుంది. ఇంత ఖర్చు శరీరం ఎందుకు పెట్టుకొంటుంది? దీనికి సమాధానం ఒక బల్లి జాతి జంతువు వద్ద దొరికినది. అమెరికా ఎడారులలోని ఇగువానా శీతలరక్త జీవి. తన వేడిని తాను పుట్టించుకోలేదు, ఎండలోకో నీడలోకో పోయి సరిచేసుకోవాలి. దానికి రోగక్రిములు ఎక్కిస్తే, అది వెచ్చని చోటును వెదుక్కుంటూ పోయి మామూలుకన్న ఎక్కువ వేడిని తెచ్చుకొంటుందని క్లూగర్ అనే శాస్త్రజ్ఞుని బృందం గమనించినది. 1975లో వారు రోగక్రిములు ఎక్కించిన ఇగువానాలను వేరువేరు వేడిమి గల గదులలో ఉంచారు. 42 సెంటిగ్రేడు డిగ్రీల వద్ద ఉన్నవాటిలో అధికభాగం బ్రతికినవి. 34 వద్ద ఉన్నవి దాదాపు అన్నీ చనిపోయినవి. మరుసటి సంవత్సరం జ్వరం తగ్గించే సాలిసిలేటు మందు ఇచ్చి చూడగా, మందు వలన వేడిని పెంచుకోలేకపోయినవి చనిపోయి, మందు పడినా వేడిని పెంచుకొన్నవి బ్రతికినవి.

అయితే మనిషి ఇగువానా కాడు. ఈ ప్రయోగం చదివి, పిల్లవానికి 103 ఉన్నా మాత్ర వేయనని కూర్చునే తండ్రులను నేను చూచాను. 2015లో ఆస్ట్రేలియా, న్యూజిలాండు దేశాలలో తీవ్ర చికిత్సా విభాగాలలో ఉన్న 700 మంది రోగులలో సగం మందికి పారాసిటమాల్, సగం మందికి మందులేని ద్రవం ఇచ్చి పోల్చారు. తీవ్ర విభాగం అవసరం లేకుండా గడిపిన రోజుల లెక్కలో ఇరుపక్షాలకూ చెప్పుకోదగిన భేదం కనిపించలేదు. మందు రోగాన్ని నయం చేయలేదు, చెడుపూ చేయలేదు. కనుక నా అభిప్రాయం ఇది: అంకెను చూచి మాత్ర వేయకండి, మనిషిని చూచి వేయండి. 101 ఉన్నా ఆడుకొంటూ నీళ్ళు త్రాగుతున్న పిల్లవానికి తొందరలేదు. 100 ఉన్నా ఒళ్ళునొప్పులతో నిద్రలేక విలవిలలాడేవారికి ఉపశమనం ఇవ్వడం ధర్మం.

మాత్ర, కషాయం, లంఘనం

ఆస్పిరిన్ ప్రోస్టాగ్లాండిన్ల తయారీని అడ్డగిస్తుందని 1971లో జాన్ వేన్ నిరూపించాడు. 1982లో ఆయనకు మరి ఇద్దరితో కలిపి నోబెల్ బహుమతి వచ్చినది. పారాసిటమాల్ కూడా మెదడులో ఆ ద్రవ్యాన్నే తగ్గించి మీటను దించుతుంది. గమనించండి, తెల్లకణాలు చేసే యుద్ధాన్ని ఇది ఆపదు, సూక్ష్మజీవిని చంపదు. వార్త చేరిన చోట దాని ఫలాన్ని మాత్రం కాసేపు నిలుపుతుంది. నాలుగైదు గంటల తర్వాత జ్వరం మళ్ళీ వస్తే ‘మందు పనిచేయలేదు’ అనుకొని మోతాదు పెంచకూడదు. పిల్లలకు కిలో బరువుకు 10 నుండి 15 మిల్లీగ్రాములు, నాలుగు నుండి ఆరు గంటల ఎడం, రోజుకు నాలుగుసార్లకు మించకుండా. సిరప్పు సీసాలు 5 మిల్లీలీటర్లకు 120, 250 మిల్లీగ్రాముల బలాలలో దొరుకుతాయి. ఒకటి అయిపోయి మరొకటి తెచ్చినపుడు చెంచా లెక్క పాతదే ఉంటే మోతాదు రెట్టింపవుతుంది. డోలో, క్రోసిన్, కాల్‌పాల్ అన్నవి వేరువేరు పేర్లు గాని మందు ఒక్కటే. అధికమైతే దెబ్బ తినేది కాలేయం. పిల్లల జ్వరానికి ఆస్పిరిన్ వాడరాదు.

మూలికా వైద్యమంటే ఆస్పిరిన్‌కు తోబుట్టువే అని కొందరికి తెలియదు. 1763లో ఎడ్వర్డ్ స్టోన్ అనే ఇంగ్లండు మతాచార్యుడు విల్లో చెట్టు బెరడు పొడి చలిజ్వరాలకు పనిచేస్తున్నదని రాయల్ సొసైటీకి లేఖ వ్రాశాడు. సాలిసిలేట్ల కథకు మొదలు ఆ బెరడే.

మన పద్ధతిలో మొదటి ఉపాయం లంఘనం. జ్వరంలో నోరు చేదై అన్నం సహించదు. మగతగా ఉంటుంది, ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాదు. ఇవి కూడా ఇంటర్‌ల్యూకిన్-1 వంటి వర్తమానాల పనియే అని ఇపుడు తెలిసినది. శరీరమే ఆకలిని తగ్గించుకొన్నపుడు, పప్పూ నెయ్యీ కలిపి ముద్దలు కుక్కడం తగదు. అయితే లంఘనమంటే మాడ్చడం కాదు. బలానికి విరోధం కలగని మేరకే చేయమని చరకుడు హద్దు పెట్టాడు. క్షయం, వాతం, శ్రమ, శోకం, భయం మొదలైనవాటి వలన కలిగిన జ్వరాలలో కూడదని మినహాయించాడు. పసిపిల్లలకు, గర్భిణులకు, వృద్ధులకు, మధుమేహానికి మందు వాడేవారికి నేను లంఘనం చెప్పను. వారికి పలుచని జావ, పెసరకట్టు, మజ్జిగ తేట. తల్లిపాలు ఎంతమాత్రం ఆపకూడదు.

మరొక సంగతి మన పాఠకులలో చాలామందికి వింతగా తోచవచ్చును. కొత్తజ్వరంలో కషాయరసం గల ఔషధాలు వద్దని చరకుడు స్పష్టంగా నిషేధించాడు. మనమేమో ఒళ్ళు వెచ్చబడగానే మిరియాలు, కరక్కాయ, వేపాకు, దొరికినదల్లా వేసి చిక్కగా మరగించి పట్టిస్తాం. మొదటి రోజులకు శాస్త్రం చెప్పినది షడంగ పానీయం. తుంగముస్తలు, పర్పాటకం, వట్టివేళ్ళు, చందనం, కురువేరు, శొంఠి సమభాగాలుగా దంచి, 10 గ్రాముల పొడిని సుమారు 640 మిల్లీలీటర్ల నీటిలో వేసి సగానికి మరగించి, వడగట్టి, దాహమైనపుడల్లా కొద్దికొద్దిగా త్రాగించాలి. ఇది మందుకన్న నీరు. జ్వరంలో చెమట ద్వారా, వేగమైన శ్వాస ద్వారా పోయే నీటిని పూరించడమే దీని మొదటి ఉపకారమని నేను నమ్ముతాను. ఆ దినుసులు దొరకకపోతే ధనియాల నీరు, బార్లీ నీరు, కొబ్బరినీరు చాలును.

తిప్పతీగను గురించి అడుగుతూనే ఉంటారు. కోవిడ్ కాలంలో జనం దానిని నెలల తరబడి త్రాగారు. అటువంటి కొందరిలో కాలేయానికి వాపు కలిగినదని 2021లో ముంబయి వైద్యులు ప్రచురించారు. ఆయుష్ మంత్రిత్వశాఖ ఆ నిర్ణయాన్ని అంగీకరించలేదు. నేనైతే కాలేయ వ్యాధి ఉన్నవారికి ఇవ్వను, ఎవరికైనా సరే నెలల తరబడి ఇవ్వను.

వడదెబ్బ జ్వరం కాదు

ఏప్రిల్, మే మాసాలలో మన రెండు రాష్ట్రాలలోనూ ఈ భేదం తెలియక ప్రాణాలు పోతున్నాయి. వడదెబ్బలో ఒళ్ళు 104 దాటి కాలుతుంది గాని అక్కడ తెల్లకణాలు వర్తమానం పంపలేదు, మీట పైకి పోలేదు. బయటి వేడిని వదిలించుకోలేక శరీరం ఓడిపోయినది. మీటయే కదలనపుడు మీటను దించే పారాసిటమాల్ ఏం చేస్తుంది? ఎండలో పనిచేసివచ్చి తికమకగా మాట్లాడుతున్నా, పడిపోయినా, మాత్ర కోసం వెదకకండి. నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒంటినిండా చల్లని నీరు పోసి విసరండి, చంకలలో, గజ్జలలో మంచుగడ్డలు పెట్టండి, 108కి ఫోను చేయండి. స్పృహ లేనివారి నోట నీరు పోయరాదు. జ్వరంలో నేను కూడదన్న మంచునీరే ఇక్కడ ప్రాణం నిలుపుతుంది.

వర్తమానం తప్పుదారి పట్టించే చోట్లు

డెంగీలో మూడవ రోజు నుండి ఏడవ రోజు లోపల జ్వరం దిగుతుంది. ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకొంటారు. కాని రక్తనాళాల గోడలనుండి నీరు కారి, రక్తపోటు పడిపోయే ప్రమాదం అధికంగా ఉండేది సరిగ్గా ఆ సమయంలోనే. వేడి దిగిన తర్వాత కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళనుండి రక్తం, నల్లని విరేచనం, కాళ్ళూ చేతులూ చల్లబడడం, మూత్రం తగ్గడం, విపరీతమైన మగత, వీటిలో ఏదొక్కటి కనిపించినా ఆసుపత్రికి పోవలెను. డెంగీ అనుమానం ఉన్నపుడు పారాసిటమాల్ తప్ప, ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ వంటి నొప్పిమాత్రలు ముట్టరాదు. అవి రక్తస్రావాన్ని పెంచవచ్చును.

ఆరు నెలల నుండి అయిదేళ్ళ లోపు పిల్లలలో నూటికి ఇద్దరి నుండి అయిదుగురికి జ్వరంతో ఫిట్స్ వస్తాయి. చూచేవారికి గుండె ఆగినంత పనవుతుంది గాని, చాలావరకు కొద్ది నిమిషాలలో తగ్గిపోతుంది. బిడ్డను ప్రక్కకు త్రిప్పి పడుకోబెట్టండి. నోట్లో చెంచా, తాళంచెవి పెట్టవద్దు. అయిదు నిమిషాలు దాటితే వెంటనే అత్యవసర వైద్యం కావాలి. త్వరగా తగ్గినా, మొదటిసారి వచ్చినదైతే ఆ రోజే వైద్యునికి చూపించండి. మూడు నెలలు నిండని శిశువుకు 100.4 డిగ్రీలు వచ్చినా ఇంటివైద్యం చేయరాదు. మెడ బిగుసుకుపోయినా, ఒంటిమీద ఊదారంగు మచ్చలు కనబడినా, ఏ వయస్సువారికైనా అదే మాట.

ఇక వృద్ధులు. వయస్సు పైబడేకొద్దీ తెల్లకణాలు పంపే వర్తమానం బలహీనపడుతుంది, మెదడు దానిని అందుకొనే తీరూ మందగిస్తుంది, వణికి వేడి పుట్టించవలసిన కండరాలు కృశించి ఉంటాయి. కీళ్ళవాతానికి నొప్పిమాత్రలో స్టీరాయిడ్లో వాడుతున్నవారిలో ఉన్న కాస్త జ్వరమూ అణగిపోతుంది. అందువలన వారిలో న్యుమోనియా, మూత్రంలో చీము వంటివి జ్వరంగా కాక మరొక రూపంలో బయటపడతాయి. హఠాత్తుగా మాట తడబడడం, మనుష్యులను పోల్చలేకపోవడం, అన్నం మానడం, నడిచే మనిషి పడిపోవడం, శ్వాస నిమిషానికి 25 దాటడం. వేడి చూచే ముందు శ్వాసను లెక్కించండి. ఛాతీయో పొట్టయో లేచిపడటం చూస్తూ ఒక పూర్తి నిమిషం లెక్క పెట్టడానికి చదువు అక్కరలేదు. మా కోడలు నాకు చేసిన ఉపకారం అదే.

మరొక చిన్న పని ఉన్నది. ఇంట్లో పెద్దవారు ఆరోగ్యంగా ఉన్న రోజులలోనే, మూడు నాలుగు రోజులు ఒకే వేళకు, ఒకే థర్మామీటరుతో, ఒకే చోట వేడి చూచి క్యాలెండరు మీద వ్రాసిపెట్టండి. వారికి అదే కొలబద్ద. దానికన్న రెండు ఫారన్‌హీటు డిగ్రీలు పెరిగితే, అంకె ఎంత తక్కువగా కనిపించినా, జ్వరమనే లెక్క.

మా తల్లిగారు మూడు వారాల తర్వాత ఇంటికి వచ్చారు. ఆ తర్వాత రెండేళ్ళు జీవించారు గాని, తులసికోట వరకు తానొక్కతే నడిచి వెళ్ళినది లేదు. ఆమె బాగా కోలుకొన్న తర్వాత, వేసవిలో, నేను వారం రోజులు ఉదయం పూట అదే థర్మామీటరును ఆమె చంకలో పెట్టి చూచాను. ఆరోగ్యంగా ఉన్నపుడు ఆమె వేడి 96.6. మాఘమాసంలో నేను జ్వరం లేదని తేల్చిన సాయంత్రం ఆమెకు రెండు డిగ్రీల జ్వరమున్నది.